సముద్రపు పచ్చికయు, పచ్చ తాబేలును

మన భాషలో తాబేలు అను మాట యొక్కటియే. చెఱువులో నుండునదియు తాబేలే. పొదలలో మెల్లగా నడచునదియు తాబేలే. సముద్రములో నీదునదియు తాబేలే. జంతుశాస్త్రము చదువువారి కీ మూటికిని గల భేదము ముఖ్యము. నేలతాబేటికి కాళ్లున్నవి, వెఱచినపుడది తలయు కాళ్లును డిప్పలోనికి ముడుచుకొనును. సముద్రపు తాబేటికి కాళ్లకు బదులు తెడ్లవంటి రెక్కలున్నవి. తలను డిప్పలోనికి లాగుకొనుట దానికి చేతకాదు. శత్రువు వచ్చినపుడు పాఱిపోవుటయే దానికి గల యుపాయము. శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మ దేవాలయమున పెంచబడు నక్షత్ర తాబేళ్లను మన విద్యార్థులలో కొందఱు చూచియుందురు. అవి నేలతాబేళ్లు. వానిని చూచి సముద్రపు తాబేటి నూహించుకొనుట, కోడిని చూచి గ్రద్ద నూహించుకొనుట వంటిది.

ప్రపంచమున సముద్రపు తాబేళ్లు ఏడు జాతులు. వానిలో అయిదు మన దేశపు జలములలో కానవచ్చును. మన తూర్పుతీరమునకు గుడ్లు పెట్టవచ్చు ఆలివ్ రిడ్లీ యొకటి. ఈ వ్యాసమున చెప్పబోవు పచ్చ తాబేలు మఱియొకటి. పచ్చ తాబేటి డిప్ప నిజముగా పచ్చనిది కాదు. అది గోధుమ, నలుపు, ఆకుపచ్చ వన్నెలు కలిసిన చారలతో నుండును. దాని చర్మము క్రింది క్రొవ్వు పచ్చగా నుండుటచే దాని కీ పేరు వచ్చినది. పెరిగినపుడు డిప్ప సుమారు ఒక మీటరు పొడవుండును. బరువు నూఱు కిలోగ్రాములు దాటును. చిన్నతనమున జెల్లీ చేపలు మొదలగు జంతువులనుగూడ తినునుగాని, పెద్దదైన తరువాత ముఖ్యముగా గడ్డి మేయును. సముద్రములో గడ్డియా యని విద్యార్థు లడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. దానికి సమాధానము ముందు చెప్పెదము.

గత శీతకాలమున మా యుపాధ్యాయులలో నలుగురము లక్షద్వీపములకు పోయి, ఒక చిన్న పడవను మాకై బాడుగకు తీసికొని, అగత్తి ద్వీపమునొద్ద నీటిలో దిగి పచ్చ తాబేళ్లను చూచి వచ్చితిమి. నాటినుండి తరగతిలో విద్యార్థులు వేసిన ప్రశ్నలు పెక్కు. నీటిలో ఊపిరి యెట్లు పీల్చితిరి? తాబేలు కఱవలేదా? అది ఎంతసేపు మునిగి యుండును? ఈ ప్రశ్నలకును, మేము అక్కడ విన్న మఱియొక గొప్ప ప్రశ్నకును సంబంధించిన సంగతులనే యిక్కడ వ్రాయుచున్నాము.

లక్షద్వీపములు కేరళ తీరమునకు పడమటగా అరేబియా సముద్రములో, 220 మొదలు 440 కిలోమీటర్ల దూరమున చెదరి యున్నవి. ద్వీపములు 36, జనులు నివసించునవి 10 మాత్రమే. అన్నిటి నేలయు కలిపి 32 చదరపు కిలోమీటర్లు, అనగా మన యొక మండలములో కొంత భాగమునకు సరిపోవును. 1956లో అవి కేంద్రపాలిత ప్రాంతమైనవి. లక్షద్వీపములను పేరు 1973లో వచ్చినది. మినికాయి తప్ప తక్కిన ద్వీపములలో మలయాళ భాషా భేదమొకటి వాడుకలో నున్నది.

ఈ ద్వీపములు పగడపు పురుగులు కట్టినవి. సముద్రమునుండి లేచిన అగ్నిపర్వతముచుట్టు పగడపు గట్టు పెరుగును. పర్వతము మెల్లమెల్లగా నీటిలోనికి క్రుంగిపోవును. పగడము మాత్రము వెలుతురుకొఱకు పైపైకి కట్టుకొనుచుండును. కడపట పర్వతము మాయమై, వలయాకారమైన గట్టును, దాని నడుమ లోతులేని నిశ్చలజలమును మిగులును. 1842లో చార్లెస్ డార్విన్ ఈ క్రమమును వివరించెను. గట్టు నడుమనున్న ఆ జలమును లగూను అందురు. లక్షద్వీపములలో నేల 32 చదరపు కిలోమీటర్లే యైనను లగూనులు సుమారు 4200 చదరపు కిలోమీటర్లు. అందుచేత అక్కడి జనుల పొలము నేలమీద లేదు, నీటిలో నున్నది.

బయట పెనుకెరటములు గట్టుమీద విఱుగుచుండగా లోపల నీరు చెఱువువలె నుండును. అడుగున తెల్లని ఇసుక. ఆ యిసుకలో మొలచునదియే సముద్రపు గడ్డి. అది పాచి కాదు. దానికి వేళ్లున్నవి, నేలలో ప్రాకు దుంపకాడ యున్నది, పూవులు పూచును, గింజలు కాయును. నేలమొక్కల పూర్వజములలో కొన్ని మరల సముద్రములోనికి పోయి బ్రదుక నేర్చినవి. వాని సంతతియే ఇది. పుప్పొడిని మోసికొనిపోవుటకు తుమ్మెదలు లేని చోట నీటి ప్రవాహమే ఆ పని చేయును. ఈ పచ్చికలో చిన్నచేపలు దాగికొనును, రొయ్యలు పెరుగును. వేళ్లు ఇసుకను కదలకుండ పట్టియుంచును. పచ్చ తాబేలు ఈ పచ్చికను ఆవువలె మేయును. దాని దవడల యంచున రంపపు పండ్లవంటి నొక్కులుండి గడ్డిని కోయుటకు వీలైనట్లున్నవి.

ఇక నీటిలో ఊపిరి పీల్చు సాధనమును గూర్చి. స్నార్కెలు అనునది వంగిన గొట్టము. ఒక కొన నోట గఱచి పట్టుకొందుము. రెండవ కొన తల ప్రక్కగా నీటిపైకి నిలిచియుండును. ముక్కును కన్నులను కప్పు అద్దపు ముసుగు వేఱుగా నుండును. ఇంతమాత్రమే. ముఖము నీట నుంచి, శరీరమును నీటిపై తేల్చి, నోటితో నెమ్మదిగా ఊపిరి పీల్చుచు క్రిందికి చూచుచుండవచ్చును.

గొట్టము మఱికొంత పొడవున్నచో లోతుగా మునిగి చూడవచ్చును గదా యని ఒక విద్యార్థి యడిగెను. అది మంచి ప్రశ్న. దాని కుత్తరము పదార్థవిజ్ఞానములో నున్నది. నీటిలో పది మీటర్లు దిగినచో ఒక వాయుమండలపు టొత్తిడి అదనముగా కలుగును. ఒక మీటరు లోతున దానిలో పదవవంతు. ఆ పదవవంతు రొమ్ముమీద ప్రతి చదరపు సెంటీమీటరునకు సుమారు నూఱు గ్రాముల బరువు. రొమ్ము వైశాల్యముతో హెచ్చించి చూడుడు: పెద్ద మనుష్యు డొకడు రొమ్ముపై కూర్చున్నట్లే యగును. గొట్టములోని గాలి పైనున్న వాయువు ఒత్తిడితోనే యుండును. రొమ్ము మీద మాత్రము నీటి యొత్తిడి యుండును. ఊపిరికండరములు ఆ బరువును ఎత్తజాలవు. ఇదిగాక, విడిచిన గాలి గొట్టములోనే నిలిచి మరల మనకే వచ్చును. గొట్టము పొడవైనకొలది ఈ చెడుగాలి యెక్కువ. కావుననే గొట్టము ఒక మూరకు మించదు.

అద్దపు ముసుగు లేక నీటిలో కన్ను తెఱచినచో అంతయు మసకగా కనబడును. మన కంటి ముందరి పొర కాంతిని వంచుట గాలికిని ఆ పొరకును గల భేదము వలననే జరుగుచున్నది. నీటి వక్రీభవన గుణకము 1.33, కంటిపొరదియు దానికి దగ్గఱగనే యున్నది. కావున నీటిలో కాంతి వంగదు, బొమ్మ యేర్పడదు. ముసుగు కన్నుల ముందు గాలిని నిలుపును. చూపు తిరిగి వచ్చును. ఐనను కాంతి నీటినుండి గాలిలోనికి వచ్చునపుడు వంగుటచే వస్తువులు తమ నిజదూరములో ముప్పాతిక దూరముననే యున్నట్లును, మూడవవంతు పెద్దవిగను తోచును. తాబేళ్లను చూచి వచ్చినవారు చెప్పు కొలతలలో కొంత తగ్గించుకొని వినవలయును. మా కొలతలును అంతే.

నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోవును; గాలిలో 340 మాత్రమే. ధ్వని రెండు చెవులకును ఇంచుమించు ఒక్కసారిగా చేరుటచే అది యేవైపునుండి వచ్చుచున్నదో తెలియదు. నీటిలో నున్నవానికి యంత్రపు పడవ చప్పుడు వినబడును, అది ఎక్కడ నున్నదో తెలియదు. ఈ సంగతి మాకు పడవవాడు ముందే చెప్పెను. అతడు పదార్థవిజ్ఞానము చదివినవాడు కాడు.

చిన్న పడవను మాకు మాత్రమే తీసికొనుటకు కారణము చెప్పవలెను. పెద్ద పడవలలో పదునైదుగురు ఇరువదిమంది ఒక్కసారి నీట దూకుదురు. ఈత బాగుగా వచ్చినవారు ముందుకు పోవుదురు, రానివారు వెనుక మిగిలి గాబరా పడుదురు. ఆ సందడికి తాబేలు పోవును. మాలో నొకరికి ఈత రాదు. సగము దినమునకు పడవ బాడుగ నలుగురము పంచుకొన్నపుడు బరువనిపింపలేదు. పడవ యజమాని ఏబదియేండ్లు దాటినవాడు. మాలో మలయాళ మెఱిగినవారు ఆయనను ‘ఇక్కా’ యని పిలిచిరి. ముస్లిములలో పెద్దన్నయని దాని యర్థము. మేము బడిపంతులమని తెలిసినది మొదలు ఆయన మమ్ము ‘మాష్’ అని పిలువసాగెను. కేరళమున ఉపాధ్యాయునికి అదియే పిలుపు.

ఆయన మమ్ము వెంటనే లగూను నడిమికి తీసికొనిపోలేదు. నడుములోతు నీటిలో నిలువబెట్టి, ముఖము నీటనుంచి నూఱు లెక్కించునంతవఱకు ఊపిరి పీల్చుమనెను. గొట్టములోనికి నీరు వచ్చినచో బలముగా ఊది వెడలగొట్టుట నేర్పెను. ముసుగులో నీరు చేరినచో పై యంచును నొక్కి ముక్కుతో గాలి విడువవలెను. ఈత రానివారికి లైఫ్ జాకెట్టు తొడిగి, పడవకు కట్టిన త్రాడు చేతికిచ్చెను. అరగంట ఇట్లు గడచినది. తొందరపడిన మాలోని యొకరితో ఆయన, ‘మాష్, మీ బడిలో మొదటి దినముననే పరీక్ష పెట్టుదురా?’ యని నవ్వెను.

లగూనులో కొంతదూరము పోయిన పిదప యంత్రము నాపి గడ వేసెను. నీరు రెండు మూడు మీటర్ల లోతుండును. పడవలోనుండియే అడుగు కనబడుచుండెను. మేము ఒక్కొక్కరము చప్పుడు కాకుండ ప్రక్కనుండి జాఱి దిగితిమి.

మొదట కనబడినది ఇసుక మాత్రమే. పిదప పగడపు ముద్దయొకటి, దానిచుట్టు చారల చేపలు. ఆ ముద్ద ప్రక్కన మేము బండ యనుకొన్నది తల యెత్తెను. అది పచ్చ తాబేలు. మమ్ము చూచినది, చూచియు కదలలేదు. పగడపు ముద్దమీది పాచిని కొఱుకుచుండెను. దాని వీపుమీద పాచి పట్టి యుండెను. చిన్నచేపలు రెండు దానిని పొడుచుకొని తినుచుండెను. తోక పొట్టిగా నుండుటచే అది ఆడుది కావచ్చుననుకొంటిమి. పెద్ద మగతాబేటి తోక పొడవుగా డిప్పవెలుపలికి వచ్చియుండును. చిన్నవానిలో మాత్రము ఈ భేదము తెలియదు.

చేతిగడియారము పెట్టుకొన్నవారు కాలము లెక్కించిరి. పదునొకండు నిమిషముల తరువాత తాబేలు మా కెదురుగా, మెల్లగా పైకి లేచెను. తల మాత్రము నీటిపైకి పెట్టి, తుస్సుమని గాలి విడిచి, మరల పీల్చి, రెండు మూడు సెకనులలో క్రిందికి పోయెను. ఇంత త్వరగా ఊపిరి తీసికొనుట ఎట్లు? తాబేటి ప్రక్కటెముకలు డిప్పలో కలిసిపోయినవి. మనవలె రొమ్ము నెత్తి పీల్చుటకు వీలులేదు. కండరములు లోపలి యవయవములను కదల్చి ఊపిరితిత్తుల నాడించును. ఒక్క శ్వాసతో అందలి గాలిలో అధికభాగమును మార్చుకొనగలదు. మేయునపుడు కొన్ని నిమిషములకొకసారి పైకి వచ్చును. కదలక పండుకొన్నపుడు గంటలకొలది నీటిలో నుండగలదు. అపుడు గుండె మిక్కిలి మెల్లగా కొట్టుకొనును.

దీనినుండియే తాబేళ్లనొద్ద మనుష్యు లెట్లు మెలగవలెనో తేలుచున్నది. తాబేటిని తఱిమినచో అది ప్రాణవాయువును వేగముగా ఖర్చు చేయును; పైకి వచ్చు వేళ మనుష్యులు తలపై మూగియున్నచో ఊపిరి పీల్చకయే తిరిగి మునుగును. కావున దానికిని మనకును మూడు మీటర్లయినను ఎడముండవలెను, అది పైకి వచ్చు దారి కడ్డము పోరాదు, తాకరాదు, పగడముమీద నిలువరాదు. మా పడవవాడు పగడముమీద కాలు పెట్టిన వానిని ఇక తన పడవ నెక్కనీయనని ముందే చెప్పియుండెను. ఎండకు పూసికొను కొన్ని లేపనములలోని మందులు పగడములకు హాని చేయునని భావించి హవాయి రాష్ట్రము వాని యమ్మకమును 2021 జనవరి 1 నుండి నిషేధించినది. మేము లేపనమునకు బదులు పొడుగుచేతుల చొక్కాలు తొడిగికొంటిమి. చౌక.

ఆ యుదయమున మూడు తాబేళ్లను చూచితిమి. గడ్డి మాత్రము కనబడలేదు.

పడవ నెక్కిన తరువాత దీనిని గూర్చి యడిగితిమి. ఇక్కా చేతితో లగూనును చూపి, తన యౌవనమున ఇక్కడ నేల యెక్కడను కనబడెడిది కాదనియు, అంతయు గడ్డియే యనియు, ఆ గడ్డిలో వల వేసి ఇంటికి కావలసిన చేపలు పట్టెడివారమనియు చెప్పెను. ఆ గడ్డి ఏమైనది? ఆయన మేము చూచి సంతసించిన తాబేళ్లనే చూపెను.

ఇది ఒక పడవవాని ఫిర్యాదు మాత్రమే కాదు. శాస్త్రజ్ఞులు ఏండ్లతరబడి కొలిచి చూచిన సంగతి. పూర్వము ద్వీపవాసులు పచ్చ తాబేళ్లను వేటాడి, వాని క్రొవ్వుతో నూనె తీసి, చెక్క పడవలకు నీరు పట్టకుండ పూసెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట క్రమముగా నిలిచిపోయెను. తాబేళ్లు పెరిగినవి. 2000 తరువాతి దశాబ్దమున అగత్తి లగూనులో మేయుచుండిన గుంపు ప్రపంచమునందలి మిక్కిలి దట్టమైన గుంపులలో నొకటియని పరిశోధకులు వ్రాసిరి. అవి కొత్తగా చిగిర్చిన యాకులో అధికభాగమును ఎప్పటికప్పుడు మేసివేయుచుండెను. తొలుత గడ్డి పొట్టిదయ్యెను, పిదప పలుచనయ్యెను, వెడల్పాకుల జాతి తగ్గి, త్వరగా పెరుగు సన్ననాకుల జాతి దాని చోటికి వచ్చెను, కడపట ఇసుక మిగిలెను. అక్కడ మేత తఱిగిన కొలది తాబేళ్లు కద్మత్తు, కవరత్తి మొదలగు ఇతర లగూనులలో గుమిగూడెను. ద్వీపము వెంట ద్వీపముగా పచ్చిక నశించిన విధమును 2021లో ప్రకటింపబడిన వ్యాసమొకటి వివరించుచున్నది.

గడ్డి పోగా అందులో పెరుగు చేపలును తగ్గెను. లక్షద్వీపపు జాలరులకు ప్రధానమైన వేట సముద్రములో టూనా. మనవా రందులో కొన్నిటిని సూర యందురు. దానిని వలతో కాక, బ్రదికియున్న చిన్నచేపలను ఎఱగా చల్లి, గడకు కట్టిన గాలముతో నొక్కొక్కటిగా పట్టుదురు. సముద్రమునకు హాని చేయని వేటలలో ఇది మేలైనదని పేరు. కాని వానకాలమున బయటికి పోలేని వేళ ఇంటి కూరకు ఆధారము లగూనే. తాబేళ్లు వలలు చింపుటయు ఉన్నది. ‘మమ్ము తాబేటిని చంపవద్దనిరి, చంపుట మానితిమి. మా చేప పోయినది. దీనిని గూర్చి ఎవరిని అడుగవలెను, మాష్?’ అని ఇక్కా అడిగెను. మా నలుగురిలో ఎవరమును బదులు చెప్పలేదు.

వేట మరల మొదలుపెట్టుటయే దీనికి మందు అనుకొనుట సులభము. అది సరికాదని మా యభిప్రాయము. పచ్చ తాబేలు గుడ్లుపెట్టు వయస్సునకు వచ్చుటకు ఇరువది మొదలు నలువది సంవత్సరములు పట్టును. అట్టి జంతువును పదియేండ్లలో తఱుగగొట్టవచ్చును, పెంచుటకు ఒక తరము కావలెను. మేత తఱిగినపుడు అవి తమంతట వేఱుచోటికి పోవుననుటకు అగత్తియే సాక్ష్యము. ఐతే పూర్వము తాబేళ్లును గడ్డియు కలిసి యెట్లు బ్రదికినవి? అందు సొరచేపల పాత్రను గూర్చి శాస్త్రజ్ఞులు ఆలోచించుచున్నారు. ఆస్ట్రేలియా పడమటి తీరమున షార్క్ బే యను చోట పులిసొరలు తిరుగుచుండును. వానికి వెఱచి తాబేళ్లు ఒకచోట నిలిచి మేయవు. గడ్డికి ఊపిరి తీసికొను తెఱపి దొఱకును. సొరలు ప్రపంచమంతట విచ్చలవిడిగా పట్టబడినవి. కాపరిలేని మందవలె తాబేళ్లు ఒకే బీడును అడుగంట మేయుచున్నవనుట కొందఱి మతము. అట్లాంటిక్ సముద్రములోని బెర్ముడా ద్వీపములలో మిగిలిన గడ్డిమీద లోహపు పంజరములు బోర్లించి తాబేళ్లు చేరకుండ కాపాడుచున్నారు. మన ఊళ్లలో మొక్కకు చుట్టు కంచె కట్టినట్లే.

ఒక ప్రాణిని కాపాడుట మంచిదేగాని, దాని మేతను, దాని శత్రువును, దాని ప్రక్కన బ్రదుకు మనుష్యుని కూడ లెక్కలో చేర్చుకొననిచో లెక్క తప్పును. ప్రపంచమంతటిని చూచినపుడు తాబేటి సంరక్షణ ఫలించినదనియే చెప్పవలెను. 2025 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు పచ్చ తాబేటిని అపాయములో నున్న జాతుల పట్టికనుండి తీసి, భయము తక్కువగా గల జాతులలో చేర్చిరి. 1970 తరువాత దాని సంఖ్య సుమారు 28 వంతులు నూటికి పెరిగినదని వారి యంచనా. దీనితో అపాయము తీరినదని కాదు. ఇసుకలోని గుడ్లు ఎక్కువ వేడిలో పొదిగినచో ఆడుపిల్లలును, తక్కువ వేడిలో మగపిల్లలును పుట్టుదురు. సుమారు 29 డిగ్రీల వేడి రెండింటికి నడుమ. ఆస్ట్రేలియా ఈశాన్యతీరపు తాబేళ్లను పరీక్షించి, పిన్నవయస్సు వానిలో నూటికి 99 ఆడువియే యని 2018లో ప్రకటించిరి.

లక్షద్వీపపు తాబేళ్లను గూర్చి వ్రాయుచు సతీశ్ భాస్కర్ గారి పేరు విడుచుట న్యాయము కాదు. మన దేశమున సముద్రపు తాబేళ్లు ఎక్కడెక్కడ గుడ్లు పెట్టుచున్నవో ఎవరికిని సరిగా తెలియని దినములలో ఆయన తీరమువెంట కాలినడకను పోయి లెక్కించెను. ఆయన నడచిన తీరము నాలుగువేల కిలోమీటర్లకు పైబడినదని చెప్పుదురు. పచ్చ తాబేళ్లు లక్షద్వీపములలో గుడ్లుపెట్టునది వానకాలమున. వానకాలమున పడవలు తిరుగవు. అందుచేత 1982లో ఆయన సుహేలి యను నిర్జన ద్వీపమునకు వర్షములకు ముందే పోయి, తిరిగి పడవ వచ్చునంతవఱకు, అయిదు నెలలు ఒంటరిగా నుండెను. రాత్రులు తీరమున తిరిగి తాబేళ్లను లెక్కించుట, పగలు వ్రాసికొనుట. ఉత్తరము పంపుటకు తపాలా లేదు. భార్యకు వ్రాసిన యుత్తరమును సీసాలో పెట్టి సముద్రములో విడిచెను. అది శ్రీలంక తీరమున ఒక జాలరికి దొఱకెను. ఆ పుణ్యాత్ముడు దానిని తపాలాలో వేసెను. ఉత్తరము ఇల్లు చేరెను. భాస్కర్ గారు 2023లో మరణించిరి. నేడు పడవ బాడుగకు తీసికొని సగము దినములో తాబేళ్లను చూచి వచ్చు మాబోంట్లకు ఆయన నోటుపుస్తకములే పునాది.

విద్యార్థులలో ఎల్లరును లక్షద్వీపములకు పోజాలరు. అక్కడికి పోవుటకు అనుమతిపత్రము కావలెను, కొచ్చినుండి ఓడలోనో, అగత్తికి విమానములోనో పోవలెను, వానకాలము పనికిరాదు, ఖర్చును తక్కువ కాదు. కాని మన తీరమునకే తాబేళ్లు వచ్చుచున్నవి. ఆలివ్ రిడ్లీలు పచ్చ తాబేళ్లకంటె చిన్నవి. డిప్ప రెండడుగులు కొంచె మించును. బరువు నలువది ఏబది కిలోగ్రాములు. ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్యా తీరములకు అవి లక్షలకొలది ఒక్కసారిగా వచ్చి గుడ్లు పెట్టును. ఆంధ్రతీరమున అట్టి గుంపులు లేవు. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వఱకు అక్కడక్కడ నొక్కొక్కటి, ముఖ్యముగా జనవరి మొదలు మార్చి వఱకు, రాత్రివేళ తీరమున కెక్కును. వెనుకరెక్కలతో గొయ్యి త్రవ్వి నూఱు గుడ్లకు పైగా పెట్టి, ఇసుక కప్పి, తెల్లవాఱకముందే పోవును. గుడ్లు పెట్టునపుడు దాని కంట నీరు కాఱును. అది ప్రసవవేదనయని జాలిపడువారు కలరు. సముద్రజలముతో లోనికి పోయిన ఉప్పును కంటిప్రక్క గ్రంథి వెలికి పంపుచుండును. నీటిలో నున్నపుడును ఆ కన్నీరు కాఱుచునే యుండును, మనకు కనబడదు.

ఆ నెలలలోనే మన తీరమున చచ్చిన తాబేళ్లు కొట్టుకొనివచ్చుట పత్రికలలో చదువుచుందుము. అడుగున వల నీడ్చు మరపడవలలో చిక్కినవి అవి. పండుకొన్న తాబేలు గంటలకొలది నీటిలో నుండగలదని పైన చెప్పితిమి. వలలో చిక్కి పెనగులాడు తాబేలు గంటలోపుననే ఊపిరాడక చచ్చును. వలకు పైభాగమున కడ్డీల చట్రమొకటి అమర్చి, తాబేలు బయటపడుటకు ద్వారము విడుచు ఉపాయము కలదు. రొయ్యలు కడ్డీల నడుమనుండి సంచిలోనికి పోవును, తాబేలు తగిలి పైకి జాఱును. కొంత చేపయు ద్వారముగుండ పోవునని జాలరులు దానిని ఇష్టపడరు. వారి నష్టమును ఎవరు భరింపవలెనను ప్రశ్న అగత్తిలో ఇక్కా వేసిన ప్రశ్నకు దగ్గఱిదే. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. తాబేళ్లు గుడ్లకు వచ్చు ముఖ్యమైన నెలలు దానికి ముందే గడచిపోవును.

విశాఖపట్టణము మొదలగు చోట్ల అటవీశాఖవారును, వారితో పనిచేయు గ్రామస్థులును తెల్లవాఱుజామున తీరము నడచి, కుక్కలు నక్కలు త్రవ్వకముందే గుడ్లు తెచ్చి, కంచె కట్టిన ఇసుకలో పాతి కాపాడుదురు. నలువదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడును. ఒక్కొక్కటి అఱచేతిలో పట్టును. వానిని సముద్రమునొద్ద ఇసుకమీద విడుచునపుడు చూడ కోరువారు ముందుగా అటవీశాఖవారిని అడిగి పోవచ్చును. పిల్లలు వెలుతురు గల దిక్కునకు నడచును. తీరమున దీపములు లేనిచోట ఆ వెలుతురు సముద్రముమీది ఆకాశమే. కావున చూడబోవువారు చేతిదీపములు వెలిగింపరాదు, ఫోనుల వెలుగు చూపరాదు, పిల్లలకును నీటికిని నడుమ నిలువరాదు. వానిని చేతితో ఎత్తి నీటిలో వేయుటయు కూడదు; ఇసుకమీద తమంతట నడచి పోవలసిన దూరమది.